గట్టుకో చలికాలం: హిమానీనదం ముందు డ్రోన్ సర్వే డైరీ

ఆగస్టు 14

మూడు నెలలుగా కంప్యూటర్ ముందు నడిచిన పని ఇంకో ఐదు రోజుల్లో నేల మీదికి దిగబోతోంది. అసలు ఎందుకు వెళ్తున్నామో ముందు స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను. తర్వాత ఫొటోల గొడవలో పడ్డాక అసలు ప్రశ్న మరిచిపోవడం చాలా తేలిక.

వెనక్కి తగ్గుతున్న ఒక హిమానీనదం, దాని ముందు గత ఇరవై ఏళ్లలో అది ఖాళీ చేసిన నేల. ఆ నేల మీద మంచు అంచుకు సమాంతరంగా, ఒకదాని వెనక ఒకటిగా చిన్నచిన్న మట్టి గట్లు ఉన్నాయి. ఇవి మొరైన్లు. మొరైన్ అనగానే కొండంత దిబ్బ గుర్తొస్తుంది గానీ ఇవి మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా ఉంటాయి, అంతే. వేసవిలో మంచు అంచు కరిగి వెనక్కి పోతుంది. చలికాలంలో కరగడం దాదాపు ఆగిపోతుంది గానీ, పైనుంచి మంచు కిందికి కదలడం ఆగదు. దాంతో అంచు కొన్ని మీటర్లు ముందుకొచ్చి, ఎదురుగా ఉన్న తడి మట్టినీ రాళ్లనూ నెట్టి కుప్పేస్తుంది. మళ్లీ వేసవిలో ఆ కుప్పను అక్కడే వదిలేసి ఇంకా వెనక్కి వెళ్తుంది. మా అనుమానం నిజమైతే ఒక్కో గట్టు ఒక్కో చలికాలం. రెండు గట్ల మధ్య దూరం కొలిస్తే ఆ ఏడాది హిమానీనదం ఎంత వెనక్కి పోయిందో తెలిసిపోతుంది.

ఐస్‌లాండ్‌లో స్కాలాఫెల్స్‌యోకుల్, ఫ్యాల్స్‌యోకుల్ హిమానీనదాల ముందు ఇలాంటి ఏటేటి మొరైన్ల మీద చాలా పని జరిగింది. అయితే అక్కడ తేలింది కాబట్టి ఇక్కడా అంతే అనుకోవడానికి లేదు. ఒకే చలికాలంలో రెండు గట్లు పడొచ్చు. ఒక ఏడు అసలు పడకపోవచ్చు. పడినదాన్ని మరుసటి ఏడు మంచు మళ్లీ వచ్చి చెరిపేయొచ్చు.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఈ గట్లు కనబడవు. అందులో ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు, మా గట్ల వెడల్పు మూడు నాలుగు మీటర్లే. అందుకే డ్రోన్.

లెక్కలు మూడుసార్లు సరిచూశాను. కెమెరా సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 8.8 మి.మీ., ఫొటో వెడల్పు 5,472 పిక్సెళ్లు. 80 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక పిక్సెల్‌కి నేల మీద 2.2 సెం.మీ. వస్తుంది. ఒక్కో ఫొటోలో 120 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవున నేల పడుతుంది. వరసలో ముందు వెనక ఫొటోల మధ్య 80 శాతం, పక్కపక్క వరసల మధ్య 70 శాతం ఓవర్‌ల్యాప్. అంటే 16 మీటర్లకో ఫొటో, 36 మీటర్లకో వరస. మొత్తం 30 హెక్టార్లకి సుమారు 520 ఫొటోలు. సెకనుకు 5 మీటర్ల వేగంతో 28 నిమిషాలు, మలుపులూ ల్యాండింగులూ వేరే. మూడు బ్యాటరీలు చాలు గానీ, చలిలో ఎంత నిలుస్తాయో తెలియదు కాబట్టి ఐదు పట్టుకెళ్తున్నాం.

ఇంత ఓవర్‌ల్యాప్ ఎందుకని మా బృందంలో కొత్తగా చేరినవాళ్లు అడిగారు. నేల మీది ప్రతి రాయీ వేర్వేరు చోట్ల నుంచి తీసిన అనేక ఫొటోల్లో పడాలి. అదే రాయి ఏ ఫొటోలో ఎక్కడ కనబడుతోందో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ కెమెరా స్థానాన్నీ, రాయి ఎత్తునూ ఒకేసారి పట్టుకుంటుంది. ఈ పద్ధతిని స్ట్రక్చర్ ఫ్రమ్ మోషన్ అంటారు. ఫొటోలు పొదుపు చేస్తే, వాటి నుంచి తయారయ్యే నేల త్రీడీ మోడల్‌లో బొక్కలు పడతాయి.

ఆగస్టు 19

ఈరోజు డ్రోన్ పెట్టె మూత కూడా తీయలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టార్గెట్లు పరవడమే పని.

టార్గెట్ అంటే నలుపు, తెలుపు గళ్లున్న అరమీటరు షీటు. దాని మధ్య బిందువును ఆర్టీకే జీపీఎస్‌తో (ఇంకో రిసీవర్ సాయంతో తప్పును అప్పటికప్పుడే సరిదిద్దుకునే జీపీఎస్) రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలుస్తాం. మొత్తం 16 పరిచాం. వాటిలో 10 కంట్రోల్ పాయింట్లు, వీటిని ఆసరాగా తీసుకుని సాఫ్ట్‌వేర్ మోడల్‌ను సరిచేసుకుంటుంది. మిగతా 6 చెక్ పాయింట్లు, వీటి కొలతలు సాఫ్ట్‌వేర్‌కి చెప్పం. మోడల్ తయారయ్యాక అది చెప్పే ఎత్తుకూ, మేం కొలిచిన ఎత్తుకూ తేడా ఎంతో వీటి దగ్గరే చూస్తాం. టైం చాలడం లేదని చెక్ పాయింట్లను కూడా కంట్రోల్‌లో కలిపేస్తే, పరీక్ష పేపర్ ముందే చేతికిచ్చి మార్కులు వేసినట్టవుతుంది.

నడక చాలా కష్టంగా ఉంది. గట్ల మధ్య పల్లాల్లో మట్టి పైకి గట్టిగా కనబడుతుంది, కాలు పెడితే పిక్క దాకా దిగుతుంది. మధ్యలో కరిగిన నీళ్లు పాయలుగా పారుతున్నాయి. ఆ బురద దాటలేక మధ్య భాగంలో మూడు చెక్ పాయింట్లు మాత్రం ఎలాగోలా పెట్టి, కంట్రోల్ పాయింట్లన్నీ అంచుల చుట్టూ సర్దేశాం. ఇది సరైన పద్ధతి కాదని తెలుసు. వెలుతురు అయిపోతోంది.

మంచు అంచుకు రెండు మీటర్ల దూరంలో ఒక రాయి దగ్గర కాసేపు కూర్చున్నాను. బస్తా అంత ఉంటుంది, ముదురు బూడిద రంగు. దాని మీద రెండు తెల్లటి క్వార్ట్జ్ చారలు సరిగ్గా ఇంటూ గుర్తులా దాటుకుంటున్నాయి. ఒక పక్క నున్నగా అరిగి ఉంది. ఆ నున్నటి ముఖం మీద చేతి వేలు అడ్డంగా నడిపితే సన్నటి గీతలు ఒక్కొక్కటీ తగులుతాయి. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు రాసుకుంటూ పోయినప్పుడు పడిన గీతలవి. అన్నీ ఒకే దిక్కుకు. ఆ రాయిని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి, జీపీఎస్‌తో స్థానం కొలిచాను. ప్లాన్‌లో లేని పనే, వదలబుద్ధి కాలేదు.

ఆగస్టు 20

ఎగిరింది! పొద్దున్న ఏడింటికి గాలి దాదాపు లేదు, సన్నటి మబ్బు. మబ్బు పడితే మాకు మంచిది, గట్ల నీడలు నల్లగా పడి వివరాలు మింగేయవు. ఎత్తు 80 మీటర్లు అన్నది టేకాఫ్ అయిన చోటు నుంచి కాకుండా కింద ఉన్న నేల నుంచి ఉండేలా ముందే పెట్టుకున్నాం. లేకపోతే నేల ఎత్తు పెరిగిన వైపు ఓవర్‌ల్యాప్ తగ్గిపోతుంది.

బ్యాటరీల్ని రాత్రంతా స్లీపింగ్ బ్యాగ్‌లో, ఎగరబోయే ముందు కోటు లోపల పెట్టుకున్నాం. అయినా 28 నిమిషాల పనికి నాలుగు వాడాల్సి వచ్చింది. చల్లబడిన బ్యాటరీలో చార్జ్ ఉన్నా వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది. మూడో బ్యాటరీ 46 శాతం చూపిస్తూనే ల్యాండింగ్ హెచ్చరిక ఇచ్చినప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను, డ్రోన్ అప్పుడు నీటి పాయ మీద ఉంది.

మధ్యాహ్నం అయ్యేసరికి మంచు మీద చల్లబడిన గాలి బరువెక్కి వాలు మీదుగా కిందికి దిగడం మొదలైంది. ఎండ కాసే వేసవి రోజుల్లో ఇది దాదాపు తప్పదు. ఇక ఎగరేసే ప్రయత్నం చేయలేదు.

ఆగస్టు 21

వాన. డేటా రెండు డిస్కుల్లోకి కాపీ.

ఆగస్టు 22

మోడల్ వచ్చింది. మొదటిసారి తెరపై తిప్పి చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. గట్లన్నీ ఉన్నాయి. మేం పడుతూ లేస్తూ నడిచిన ప్రతి వంకా ఉంది.

కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్పు 2 సెం.మీ. అక్కడే ఆగిపోయి ఉంటే సంబరాలు చేసుకునేవాళ్లం. తర్వాత చెక్ పాయింట్లు చూశాం. అంచుల దగ్గరున్న మూడూ బాగానే ఉన్నాయి. మధ్యలోని మూడూ నిజం ఎత్తు కన్నా 15 నుంచి 19 సెం.మీ. ఎక్కువ చూపిస్తున్నాయి. అంటే మా నేల మొత్తం బోర్లించిన పళ్లెంలా మధ్యలో ఉబ్బింది.

డ్రోన్ మోడళ్లలో ఇది పేరున్న జబ్బే, డోమింగ్ అంటారు. కెమెరా ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే చూస్తూ, సమాంతర వరసల్లో ఫొటోలు తీస్తే, లెన్స్ వంకరనూ నేల వంకరనూ సాఫ్ట్‌వేర్ విడదీయలేకపోతుంది. లెన్స్‌లో మిగిలిపోయిన చిన్న తప్పు నేల మీదికి ఉబ్బుగా వచ్చి పడుతుంది. మధ్యలో కంట్రోల్ పాయింట్లు ఉంటే అవి ఈ ఉబ్బును పట్టి లాగేవి, మేం అన్నీ అంచుల్లో పెట్టాం.

గట్లు లెక్కపెట్టడానికి ఈ ఉబ్బు పెద్ద అడ్డు కాదు. అరమీటరు గట్టు అరమీటరుగానే కనబడుతుంది, ఎందుకంటే ఉబ్బు వందల మీటర్ల మీద మెల్లగా పరుచుకుని ఉంది. అయితే వచ్చే ఏడాది మళ్లీ కొలిచి, ఆ మోడల్ ఎత్తుల్లోంచి ఈ మోడల్ ఎత్తులు తీసివేసినప్పుడు, మధ్యలో నేల 19 సెం.మీ. కుంగిందనో పెరిగిందనో లేనిది చెబుతుంది. దీన్ని ఇలా వదిలి వెళ్లడానికి నేను ఒప్పుకోలేదు.

ఆగస్టు 24

పొడవాటి పలకలు రెండు మోసుకెళ్లి బురద మీద వేసుకుంటూ మధ్యలో నాలుగు కంట్రోల్ పాయింట్లు కొత్తగా పెట్టాం. తర్వాత మొత్తం మళ్లీ ఎగిరాం. ఈసారి నిలువు ఫొటోలతో పాటు, కెమెరాను 20 డిగ్రీలు వంచి, మొదటి వరసలకు అడ్డంగా ఇంకో దఫా. రాత్రి పన్నెండున్నరకి ఫలితం వచ్చింది. 6 చెక్ పాయింట్ల దగ్గర ఎత్తులో సగటు తప్పు 4 సెం.మీ. ఉబ్బు పోయింది.

ఆగస్టు 25

మ్యాపింగ్ మొదలు. ఎత్తుల మోడల్ మీద ఒక పక్క నుంచి వెలుగు పడినట్టు నీడలు గీయించి చూస్తాం, హిల్‌షేడ్ అంటారు. చాలా సాఫ్ట్‌వేర్లలో వెలుగు వాయవ్యం నుంచి, 315 డిగ్రీల నుంచి, వచ్చేలా ముందే పెట్టి ఉంటుంది. మా గట్లు ఈశాన్యం నుంచి నైరుతికి పోతాయి కాబట్టి ఆ వెలుగు వాటికి సూటిగా తగిలి, ఒక్కొక్కటీ గీసినట్టు కనబడ్డాయి. ఆ మ్యాప్‌తోనే పూట గడిపాను.

సాయంత్రం వెలుగు దిక్కును 45 డిగ్రీలకు మార్చి, సూర్యుణ్ని కిందికి దించాను. గట్లు మసకబారి, వాటికి అడ్డంగా కొత్త గీతలు తేలాయి. పదుల సంఖ్యలో, దువ్వెనతో దువ్వినట్టు, అన్నీ మంచు కదిలే దిక్కుకే. ఫ్లూట్‌లు! మంచు అడుగున పొడవుగా సాగిన సన్నటి మట్టి గట్లివి. ఎత్తు ఇరవై ముప్పై సెంటీమీటర్లే. వాయవ్యపు వెలుగు వాటి వెంటే పడుతుండటంతో ఏ పక్కా నీడ పడక పొద్దున్నంతా దాక్కున్నాయి. ఒక్క వెలుగు దిక్కుతో గీసిన మ్యాప్‌ను ఇకపై ఎవరు చూపించినా ముందు ఆ కోణం అడుగుతాను.

దాదాపు ప్రతి ఫ్లూట్ మొదట్లోనూ ఒక పెద్ద రాయి ఉంది. మంచు ఆ రాయి మీదుగా జారినప్పుడు రాయి వెనక ఖాళీ ఏర్పడుతుంది. మంచు బరువుకి అడుగున ఉన్న మెత్తటి మట్టి ఆ ఖాళీలోకి ఎగదన్నుతుంది. మంచు కదులుతున్న కొద్దీ ఆ మట్టి పొడవుగా సాగి గట్టవుతుంది. 2.2 సెంటీమీటర్ల ఫొటోలో ఆ రాయీ, దాని వెనక తోకా రెండూ చక్కగా కనబడుతున్నాయి.

మొత్తం 23 మొరైన్లు గీశాను.

ఆగస్టు 26

గీసిన గీతల్ని పట్టుకుని నేల మీద నడిచాం. ఈ సర్వేలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

14వ నంబరు గట్టు మీద నాకు నిన్నటి నుంచే అనుమానం. మిగతా గట్ల మధ్య దూరం 12 నుంచి 40 మీటర్ల దాకా ఉంటే, దీనికీ 15వదానికీ మధ్య ఒక చివర 5 మీటర్లే, ఇంకో చివర 30. రూపం మాత్రం అచ్చం మొరైనే. ఎత్తు 90 సెం.మీ., నేల మీద నిలబడి చూసినా తేడా లేదు.

అవక్షేపాల పని చూసే సహోద్యోగి ముందు 13వ గట్టు మీద మోచేతి లోతు గుంట తీశాడు. బూడిద రంగు గట్టి మట్టి, అందులో గోరంత రాయి నుంచి తలకాయంత రాయి దాకా అన్నీ కలగాపులగం. మంచు నెట్టిన మట్టి ఇలాగే ఉంటుంది. తర్వాత 14 మీద తవ్వాడు. రెండో పారకే చప్పుడు మారింది. మట్టి లేదు. గుండ్రటి గులకరాళ్లు, వాటి కింద వేలెడు మందాన శుభ్రమైన ఇసుక పొర, మళ్లీ గులకరాళ్లు. పిడికెడు తీసి నా అరచేతిలో పోశాడు. ఒక్క రాయికీ అంచు పదును లేదు.

"ఇది నీళ్ల పని. నీ లిస్టులోంచి కొట్టెయ్" అన్నాడు.

అది ఎస్కర్. హిమానీనదం అడుగున సొరంగంలో పారిన నీరు మోసుకొచ్చిన రాళ్లూ ఇసుకా ఆ సొరంగంలోనే పేరుకుని, చుట్టూ మంచు కరిగాక గట్టులా మిగిలింది. ఈ ముక్క యాదృచ్ఛికంగా మొరైన్ల పక్కనే వంపు తిరిగి, వాటిలో ఒకదానిలా నటిస్తోంది. పైనుంచి ఎన్ని పిక్సెళ్లున్నా గట్టు లోపల ఏముందో చెప్పలేవు.

ఇంకో రెండు చోట్ల నేను విడివిడిగా గీసిన జంట గట్లు నడిచి చూస్తే చివర్లలో ఒకటిగా కలిసిపోతున్నాయి. మంచు అంచు రంపపు పళ్లలా ఉంటే అది వదిలిన మొరైన్ కూడా రంపంలా వంకర్లు తిరుగుతుంది, ఆ పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట రెండుగా కనబడుతుంది. అవి ఒక్కో గట్టే. లెక్క 20కి దిగింది.

నవంబరు 9

21 ఏళ్ల కిందటి ఏరియల్ ఫొటో దొరికింది. అందులోని మంచు అంచును మా మ్యాప్ మీద కూర్చోబెట్టాం. ఆ అంచుకూ ఇప్పటి అంచుకూ మధ్య 21 చలికాలాలు, మా దగ్గర 20 గట్లు. తక్కువైన ఒకటి నీటి పాయ కోసుకుపోయిన చోట ఉండి ఉంటుందని మా ఊహ, అక్కడ రెండు గట్ల మధ్య దూరం మిగతా అన్నిటికన్నా ఎక్కువ. అయినా ఊహను ఊహగానే రాశాను. లెక్క దగ్గరగా రావడం వేరు, ఒక గట్టు ఒక చలికాలంలోనే పుట్టిందని చూపించడం వేరు. దాని కోసం వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాల్సిందే.

మరుసటి ఏడాది, ఆగస్టు 23

మళ్లీ అదే నేల. అవే వరసలు, అదే ఎత్తు, వంచిన కెమెరాతో అడ్డ వరసలు కూడా. చెక్ పాయింట్ల దగ్గర ఈసారి తప్పు 5 సెం.మీ.

ఈ ఏడాది మోడల్ ఎత్తుల్లోంచి పోయిన ఏడాదివి తీసివేసే ముందు ఎంత తేడాను నమ్మవచ్చో లెక్కేసుకోవాలి. మొదటి ఏడాది తప్పు 4, ఈ ఏడాది 5. రెండిటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 6.4 సెం.మీ. 95 శాతం నమ్మకం కావాలంటే దాన్ని 1.96తో హెచ్చించాలి, 12.5 సెం.మీ. అంతకన్నా తక్కువ తేడా ఉన్న ప్రతి పిక్సెల్‌నూ మ్యాప్‌లో తెల్లగా వదిలేశాం. ఉబ్బు ఉన్న పాత మోడల్‌నే ఉంచుకుని ఉంటే ఈ మ్యాప్ మధ్య భాగమంతా రంగు పులుముకునేది. ఇప్పుడు అక్కడ తెలుపే ఉంది, ఏమీ మారలేదు కాబట్టి.

తూర్పు మూల మాత్రం ఎర్రగా మెరిసింది. అక్కడి గుట్టల వంటి నేల 80 సెం.మీ. దాకా కుంగింది, పక్కనున్న నీటి గుంట వెడల్పయింది. లోపల ఇంకా మంచు పూడుకుని ఉందన్నమాట. పైనున్న మట్టి దుప్పటిలా కప్పి ఉంచడంతో మెల్లగా కరుగుతోంది. నేపాల్‌లో లిరుంగ్ హిమానీనదాన్ని 2013లో మే, అక్టోబరు నెలల్లో డ్రోన్‌తో రెండుసార్లు కొలిచినప్పుడు, రాళ్లు కప్పిన ఉపరితలం మొత్తం మీద కుంగడం తక్కువగా, మంచు గోడలూ నీటి గుంటలూ ఉన్న చోట బాగా ఎక్కువగా కనబడింది. మా గుంట చిన్నదే అయినా అదే ధోరణి. ఈరోజు మ్యాప్‌లో గుట్టగా గీసినది పదేళ్ల తర్వాత అక్కడ ఉండదు, మ్యాప్ మీద తేదీ పెద్ద అక్షరాలతో వేయాలి.

ఆగస్టు 24

రాత్రి ఒంటిగంట దాటింది, నిద్ర పట్టే పరిస్థితి లేదు.

పోయిన ఏడాది మంచు అంచు ఉన్న చోటికి కొంచెం ముందు, అప్పటి మోడల్‌లో చదునైన బురద నేల. ఈ ఏడాది మోడల్‌లో అక్కడ 140 మీటర్ల పొడవున ఒక గట్టు ఉంది. ఎత్తు 40 నుంచి 70 సెం.మీ., మా 12.5 హద్దుకు ఎంతో పైన. మంచు అంచు ఇప్పుడు దానికి 22 మీటర్లు వెనక ఉంది. రెండు సర్వేల మధ్య గడిచింది ఒక్క చలికాలమే.

ఆ గట్టు మీద ఫొటోను దగ్గరికి తెచ్చుకుంటూ పోయాను. శిఖరం మీద, మధ్యకన్నా కొంచెం ఎడమకి, ముదురు బూడిద రంగు రాయి, దాని మీద తెల్లటి ఇంటూ గుర్తు. పోయిన ఏడాది ఫొటో పక్కన పెట్టి కొలిచాను. రాయి పక్కకు దొర్లి కొద్దిగా తిరిగింది, మంచు కదిలే దిక్కుకు 3.4 మీటర్లు జరిగింది, 50 సెంటీమీటర్లు పైకి లేచింది. పొద్దున్నే జీపీఎస్ పట్టుకుని ఆ రాయి దగ్గరికి వెళ్తున్నాను.